ఫ్యాను వెయ్యని వేసవి

ఉగాది ఇంకో వారం ఉందనగా పిచ్చుకల జంట ఒకటి మా నట్టింట్లో కాపురం పెట్టింది. దూలానికి వేలాడే ఫ్యాను రాడ్డుకు పైన గిన్నెలా ఒక కప్పు ఉంటుంది కదా, అందులో గడ్డిపోచలూ చీపురు పుల్లలూ తెచ్చి పేర్చడం మొదలుపెట్టాయి. కింద నేలంతా చెత్త. నేను చీపురు తిరగేసి గూడు రాల్చబోతుంటే మా అత్తయ్య సరోజినీదేవి వంటింట్లోంచి పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“ఆగవే! వాటంతట అవి ఇంట్లోకొస్తే తోలేస్తావేంటి?” అంది. తర్వాత గొంతు తగ్గించి, “ఎన్నేళ్ళైందో తెలుసా, మనింట్లో పిచ్చుక అరిచి,” అంది.

నిజమే. తిరువూరులో మా వీధి వీధంతా డాబాలైపోయింది. ముందు భాగమైనా పెంకులతో మిగిలింది మా ఇల్లొక్కటే. పిచ్చుకలు బియ్యం కొట్ల దగ్గరా బస్టాండు రేకుల కిందా తప్ప కనబడటం మానేశాయి. అత్తయ్య ఏటా కోతలయ్యాక వరికంకులు కుచ్చులా అల్లి వరండాలో కట్టేది. ఏటా వాటిని ఉడతలే తినిపోయేవి.

పిచ్చుక గూడు పెట్టిన ఇంట్లో ఉయ్యాల కడతారని ఆవిడ నమ్మకం. నా ముందు ఎప్పుడూ ఆ మాట అనలేదు. నాకూ విశ్వతేజకూ పెళ్ళై ఎనిమిదేళ్ళు. విజయవాడ డాక్టర్ల చుట్టూ తిరిగి తిరిగి, ఇక ఆ ఊసు ఇంట్లో ఎత్తకూడదని ఎవరూ చెప్పకుండానే నలుగురం ఒక ఒప్పందానికి వచ్చేశాం. కానీ గూడు మొదలైన రోజు నుంచి అత్తయ్య ఫ్యాను వైపు చూసిన ప్రతిసారీ, ఆ వెంటనే నా వైపు చూసేది.

పండగ వెళ్ళిన కొద్ది రోజులకు నాకు నెల తప్పినట్టు తేలింది.

చెప్పగానే అత్తయ్య చేతిలో పని వదిలేసింది. నట్టింట్లోకి వెళ్ళి, తలెత్తి, గూటికేసి చూస్తూ రెండు చేతులూ జోడించింది. తర్వాత వచ్చి నన్ను వాటేసుకుంది.

“నా దగ్గరికి రాకముందే వాటికి దండం పెట్టారా అత్తయ్యా?” అని నవ్వాను.

“ఎవరి పెద్దరికం వాళ్ళకివ్వాలి కదే,” అని తనూ నవ్వింది. కళ్ళు తుడుచుకోవడం మాత్రం మర్చిపోయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే చట్టం. నట్టింటి ఫ్యాను వెయ్యకూడదు. మా మామయ్య వీరరాఘవయ్య గారి మంచం ఆ గదిలోనే ఉండేది. ఎన్నో ఏళ్ళుగా ఆయన మధ్యాహ్నం నిద్ర ఆ ఫ్యాను కిందే. పాపం, ఏమీ అనకుండా ఒక తాటాకు విసనకర్ర తెచ్చుకున్నారు. మామయ్య మెతక మనిషి. అత్తయ్యంటే భయం కాదు గానీ, ఆవిడ నొచ్చుకుంటుందంటే ఏ మాటనైనా వారాల తరబడి నాలుక కింద దాచుకోగలరు.

“ఆ ఫ్యాను వైరు ఊడదియ్యరా. ఎవరైనా మర్చిపోయి స్విచ్ నొక్కితే?” అని అత్తయ్య విశ్వతేజకు చెప్పింది.

“రేపు తీసేస్తానమ్మా,” అన్నాడు మా ఆయన.

విశ్వతేజకు బస్టాండు దగ్గర మోటారు వైండింగ్ షాపు. ఎండలు ముదిరేకొద్దీ బోర్లలో నీళ్ళు అడుగంటి, చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో మోటార్లు కాలిపోతాయి. రైతులు వాటిని ట్రాలీ ఆటోల్లో వేసుకొచ్చి షాపు ముందు కూర్చుంటారు. పైరు ఎండిపోతుంటే ఎవరికి రేపు రమ్మని చెప్తాడు? అందుకని ఆ రేపులన్నీ మా ఇంటికే మిగిలేవి. రోజంతా ఊరివాళ్ళ మోటార్లకు వైరు చుట్టే మనిషికి ఇంట్లో ఒక్క వైరు ఊడదీసే తీరిక దొరకలేదు.

నాకు వెనక డాబా గదిలో మంచం వేసింది అత్తయ్య. టేబుల్ ఫ్యాను పెట్టింది. కిటికీకి గోనెపట్టా కట్టి పూటపూటా నీళ్ళు చల్లేది. బార్లీ నీళ్ళు, తాటి ముంజెలు, మజ్జిగలో నానబెట్టిన అటుకులు. నేను వంగి బిందె ముట్టుకుంటే కేకేసేది. “ఏమే, తిన్నావా? ఏమే, పడుకున్నావా?” అని గంటకోసారి గుమ్మంలో ప్రత్యక్షం. పిచ్చుకల మొదటి పిల్లలు ఎగిరిపోయిన రోజున వీధిలో అందరికీ బెల్లం ముక్కలు పంచింది. ఆడపిచ్చుక మళ్ళీ గుడ్లు పెట్టినప్పుడు, “చూశావా, దానికి విసుగన్నదే లేదు,” అని మురిసిపోయింది.

నేను చదువుకున్నదాన్నే. పిచ్చుకకూ నా కడుపుకూ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా రోజూ పొద్దున్నే నట్టింట్లోకి వెళ్ళి, పైన కిచకిచ వినబడ్డాకే కాఫీ తాగేదాన్ని. అత్తయ్య సంతోషంలో నేనూ చేరిపోయాను. అది చాలా బాగుండేది. అంత బాగుండటంలో ఎంత భయం దాగి ఉందో అప్పుడు ఇద్దరికీ తెలియలేదు.

రోహిణి కార్తె వచ్చింది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. గంపలగూడెం రోడ్డులో మా మామిడితోట ఉంది. ఆ వారమే కోయాల్సిన బంగినపల్లి కాయ సగానికి పైగా నేల రాలింది. మర్నాడు తెల్లవారకముందే మామయ్య తోటకు వెళ్ళారు. అత్తయ్య గంపలగూడెంలో వాళ్ళ చెల్లెలి గృహప్రవేశానికి వెళ్ళింది. విశ్వతేజ షాపుకి. ఇంట్లో నేనొక్కదాన్నే.

మిట్టమధ్యాహ్నం వీధి తలుపు చప్పుడైంది. మామయ్య వచ్చారనుకుని వెనక గదిలో అలాగే పడుకున్నాను. చెప్పులు విప్పిన చప్పుడు. మంచం కిర్రుమంది. దానికి ముందు స్విచ్ టిక్కుమందని నాకు ఒక క్షణం ఆలస్యంగా వెలిగింది. నేను లేచి కూర్చునేలోపే ఫ్యాను రెక్కకి ఏదో మెత్తగా తగిలిన చప్పుడు వినబడింది.

పరుగెత్తకూడని మనిషిని పరుగెత్తాను. అప్పటికే ఆయన ఫ్యాను ఆపేశారు. రెక్కలు ఇంకా నిదానంగా తిరుగుతూనే ఉన్నాయి. చిన్న చిన్న ఈకలు కిందికి దిగలేక గాలిలో తేలుతున్నాయి. మామయ్య గది మధ్యలో దోసిలి పట్టి నిలబడి ఉన్నారు. దోసిట్లో ఆడపిచ్చుక. మెడ ఒక పక్కకు వాలిపోయింది.

“అలవాటమ్మా,” అన్నారు. “రాలిన కాయ గురించి ఆలోచిస్తూ వచ్చాను. చెయ్యి దానంతటదే పోయింది.”

పైన గూట్లో పిల్లలు అరుస్తున్నాయి. మెడ కింద నల్లమచ్చ ఉన్న మగపిచ్చుక నోట్లో పురుగుతో వచ్చి, కిటికీ ఊచ మీద వాలి, లోపలికి రాకుండా అటూ ఇటూ గెంతుతోంది.

మామయ్య భుజం మీది తువ్వాలు తీసి అందులో పిట్టను చుట్టారు. పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో గుంట తవ్వి పెట్టారు. అంత ఎండలో, చెప్పుల్లేకుండా. నేను ఈకలు ఊడ్చాను. ఫ్యాను రెక్క వైపు చూడాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

“మీ అత్తతో నేనే చెప్తాలేమ్మా,” అన్నారు చేతులు కడుక్కుంటూ. “ఇవాళొద్దు. చెల్లెలింటి నుంచి సంతోషంగా వస్తుంది. రేపు చెప్తా.”

“సరే మామయ్యా,” అన్నాను.

మర్నాడు చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. మగపిచ్చుక ఒక్కటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరిగి తిరిగి పిల్లల నోళ్ళు నింపుతోంది. అత్తయ్య కళ్ళ నుంచి ఏదీ తప్పించుకోదు.

“ఆడది కనబడట్లేదేంటండీ?” అని అన్నం వడ్డిస్తూ అడిగింది.

మామయ్య మజ్జిగ గ్లాసు ఎత్తి, అందులోకి చూస్తూ, “పిల్లలు ఎదిగాయిగా. బయట తిరుగుతుంటుందిలే,” అన్నారు. గ్లాసు చాలాసేపు దించలేదు.

తర్వాత పెరట్లో నేను కనబడితే, “చెప్తానమ్మా. దానికి కాస్త సమయం చూడాలి,” అన్నారు. నేను తలూపాను. ఆయన తరఫున నేనే చెప్పేసి ఉంటే ఒక పూట ఏడ్చి ఊరుకునేదేమో అత్తయ్య. మామయ్య మర్యాద కాపాడుతున్నాననుకున్నాను.

ఆ వారం తిరగకముందే ఒక తెల్లవారుజామున నాకు కడుపులో పోట్లు మొదలయ్యాయి. కారు మాట్లాడుకుని విజయవాడ వెళ్ళాం. దారి పొడవునా అత్తయ్య నా తల ఒళ్ళో పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదాలు కదుపుతూనే ఉంది. ఆస్పత్రిలో స్కానింగ్ చేసిన డాక్టరమ్మ తెర నా వైపు నుంచి పక్కకు తిప్పింది. అప్పుడే నాకు అర్థమైంది.

“బేబీ గుండె ఆగిపోయి రెండు వారాలు దాటి ఉంటుంది,” అంది ఆవిడ. “కొందరికి ఇలా జరుగుతుంది. మీరు చేసిందిగానీ చెయ్యనిదిగానీ ఏమీ లేదు. మనసులో పెట్టుకోకండి.”

రెండు వారాలు. పిచ్చుక చనిపోయింది ఆ తర్వాత. ఆ సంగతి నాకు అక్కడే, ఆ బల్ల మీద పడుకునే తట్టింది. కానీ ఇంట్లో ఎవరికీ ఆ సంగతితో పని పడలేదు.

మేం తిరిగొచ్చేసరికి గూడు ఖాళీగా ఉంది. పిల్లలు ఎగిరి వెళ్ళాయో, ఏమయ్యాయో చూసినవాళ్ళు లేరు. మగపిచ్చుక కూడా మళ్ళీ రాలేదు.

వచ్చాక కొన్నాళ్ళు అత్తయ్య నన్ను కదలనివ్వలేదు. పథ్యం వండి పెట్టేది. తల దువ్వేది. నేను ఏడిస్తే తనూ కూర్చుని ఏడ్చేది. ఒక ఉదయం నట్టింట్లో స్టూలు లాగుతున్న చప్పుడు వినబడింది. గూడు దించకుండా చుట్టూ దుమ్ము మాత్రం తుడవాలని ఎక్కిందట. తర్వాత తడిగుడ్డ చేత్తో పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

“ఫ్యాను వేశారు,” అంది. “రెక్క అంచుకి రక్తం ఎండిపోయి ఉంది. ఈక ఒకటి అతుక్కుంది.”

నేను లేచి కూర్చున్నాను.

“నేను గంపలగూడెం వెళ్ళిన రోజే కదూ? ఆ మర్నాటి నుంచే ఆడది కనబడలేదు. ఆ రోజు ఇంట్లో నువ్వొక్కదానివే ఉన్నావు.”

ఆవిడ వెనక గుమ్మంలో మామయ్య నిలబడి ఉన్నారు. తోటకు వెళ్ళబోతూ మాట విని ఆగినట్టున్నారు.

“టేబుల్ ఫ్యాను పెట్టాను. గోనెపట్టా తడిపి కట్టాను. ఒక్క పూట ఓర్చుకోలేకపోయావా కీర్తనా?”

అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. బతిమాలుతున్నట్టు అడిగింది, జరిగిపోయినదాన్ని ఇప్పుడైనా వెనక్కి తిప్పమని అడుగుతున్నట్టు. నేను మామయ్య వైపు చూశాను. ఆయన నోరు తెరిచారు. పెదాలు కదిలాయి. మాట రాలేదు. తోటలో కాయ పోయింది, మనవడో మనవరాలో పోయింది, ఇప్పుడు ఈ మాట ఒప్పుకుంటే నలభై ఏళ్ళు కలిసి బతికిన మనిషి తనను ఎలా చూస్తుందో ఆయన అప్పటికే చూసేస్తున్నారు. అదంతా ఆ మొహంలో ఉంది.

“వేడి తట్టుకోలేకపోయాను అత్తయ్యా,” అన్నాను.

అత్తయ్య తడిగుడ్డను నాలుగు మడతలు వేసింది. వంటింట్లోకి వెళ్ళింది. మామయ్య ఇంకాసేపు అక్కడే నిలబడి, నేలకేసి చూస్తూ బయటికి వెళ్ళిపోయారు. ఆ పూట కూడా నా కంచంలోకి పథ్యం అన్నం సమయానికే వచ్చింది.

ఆ తర్వాత ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇరుగుపొరుగుతో చెప్పలేదు. నాకు కావలసినవన్నీ అమర్చింది. కానీ గదిలోకొస్తే పని చూసుకుని వెళ్ళిపోయేది. “ఏమే, తిన్నావా?” అనడం ఆగిపోయింది. నేను వంటింట్లోకి వెళ్తే పక్కకు జరిగి చోటిచ్చేది. మామయ్య సంగతి ఇంకా కష్టం. నేను వడ్డిస్తే తల ఎత్తకుండా నాలుగు ముద్దలు తిని లేచేవారు. కోతలైపోయి, చెట్ల మీద ఆకు తప్ప ఏమీ లేకపోయినా రోజంతా తోటలోనే ఉండేవారు. ఎవరి కోసమైతే ఆ అబద్ధం ఆడానో ఆయనకే నా మొహం చూడటం బరువైపోయింది.

విశ్వతేజకు మాత్రం నిజం చెప్పాను. వినగానే అతను ముందు కోపం తెచ్చుకోలేదు. అలా కూర్చుండిపోయి, “వైరు ఊడదియ్యమని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో,” అన్నాడు. కోపం తర్వాత వచ్చింది. “ఇప్పుడే వెళ్ళి అడుగుతా నాన్నని,” అని లేచాడు.

“ఆయన చెప్పుకోవాలి. నువ్వు చెబితే ఆయనకింక ఈ ఇంట్లో ఏం మిగుల్తుంది?” అని ఆపాను.

“మరి నీకేం మిగిలింది?” అన్నాడు.

శ్రావణంలో విస్సన్నపేటలో ఒక షాపు అద్దెకు దొరికింది. బేరం అక్కడే బాగుంటుందని అందరికీ చెప్పాం. అత్తయ్య గిన్నెలు సర్ది, పచ్చడి జాడీకి వాసెన కట్టి ఇచ్చింది. ఉండమని అనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఆటో కదిలేటప్పుడు మామయ్య ఏదో చెప్పడానికి రెండడుగులు ముందుకు వేసి, “ఫోన్ చెయ్యండి,” అన్నారు.

కార్తీక మాసం వెళ్తుండగా ఒక పొద్దున ఆయన ఒక్కరే బస్సు దిగి మా ఇంటికొచ్చారు. విశ్వతేజ షాపుకి వెళ్ళాడు. మంచినీళ్ళిచ్చాను. తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి, “చెప్పేశానమ్మా,” అన్నారు.

నేను ఎదురుగా కూర్చున్నాను.

“భోజనం దగ్గర చెప్పాను. ఫ్యాను వేసింది నేను, ఆ పిల్ల కాదు అన్నాను. చెయ్యి కడుక్కుని లేచిపోయింది. దీపం పెట్టాక వచ్చి నా పక్కన కూర్చుంది. ఏమంటుందో అనుకున్నాను. తిడుతుందనుకున్నాను.”

“ఏమన్నారు?”

“మరి ఆ పిల్ల నా ముందు ఎందుకు ఒప్పుకుంది అని అడిగింది. నిజం చెబితే నేను తట్టుకోలేనని మీ ఇద్దరూ కలిసి అనుకున్నారా, నేనంత దాన్నా అని అడిగింది.” ఆయన నా వైపు తిరిగారు. “నువ్వు చెప్పు. ఎందుకు ఒప్పుకున్నావు?”

“మీ మొహం చూశాను మామయ్యా,” అన్నాను.

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఆ పెద్దమనిషి భుజాలు కదులుతుంటే ఏం చెయ్యాలో తెలియక, లేచి గ్లాసులో నీళ్ళు మార్చి తెచ్చాను.

వెంటనే వెళ్ళాలనిపించింది, అదే బస్సులో, ఆయనతో పాటే. ఫోన్ చేస్తే విశ్వతేజ వద్దన్నాడు. “అమ్మ పిలవనీ. ఈసారి తను పిలవనీ,” అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది కాబట్టి ఆగాను. అత్తయ్య కొడుక్కి ఫోన్ చేసేది. నా గురించి అడిగేది. ఫోన్ నాకిస్తానంటే పొయ్యి మీద ఏదో ఉందని పెట్టేసేది. వారాలు అలాగే గడిచాయి. ఆ ఆగడం కూడా తప్పేనేమో.

చివరికి ఎవరూ పిలవకుండానే, ఒక ఆదివారం నేనొక్కదాన్నే తిరువూరు బస్సెక్కాను. అత్తయ్య తలుపు తీసింది. నన్ను చూసి ఒక్క క్షణం గడప మీదే ఆగిపోయింది. జుట్టు బాగా నెరిసింది. నా చేతిలోని సంచి తీసుకుంది. కుర్చీ లాగి వేసింది. ఆ ఇంట్లో నేను కుర్చీ కోసం ఎప్పుడూ ఎదురుచూసిన దాన్ని కాదు. అయినా కూర్చున్నాను. బస్సు దొరికిందా, అక్కడ నీళ్ళకు ఇబ్బంది లేదు కదా, అబ్బాయి వేళకు తింటున్నాడా అని అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాను. ఇద్దరం మంచి మాటలే మాట్లాడుకున్నాం.

మధ్యాహ్నం మామయ్యకూ నాకూ పక్కపక్కన కంచాలు పెట్టింది. నాకిష్టమని దోసకాయ పప్పు వండింది. వడియాలు వేయించింది. నేను వచ్చాక, నాతో మాట్లాడుతూనే ఇవన్నీ ఎప్పుడు చేసిందో తెలియదు. వడ్డిస్తూ నా పక్కకు వచ్చి, నేతి గిన్నె చేతిలో పట్టుకుని, “నెయ్యి వేసుకోండి,” అంది.

మామయ్య చెయ్యి కంచంలో ఆగిపోయింది.

ఎనిమిదేళ్ళు నన్ను ‘ఏమే’ అని, ‘ఒసేయ్’ అని, కోపమొచ్చినా ప్రేమొచ్చినా ‘నువ్వు’ అనే పిలిచిన మనిషి. ఆ ‘వేసుకోండి’ని ఆవిడ కూడా విన్నట్టుంది. గిన్నెలోకి చూస్తూ అలాగే నిలబడింది. దిద్దుకుంటుందేమోనని చూశాను. దిద్దుకోలేదు. నాకు ఏదో అప్పు పడ్డట్టు, ఇక ముందు నాతో జాగ్రత్తగా ఉండాలన్నట్టు నిలబడి ఉంది.

వద్దని అనబోయాను.

“మీరే వెయ్యండి అత్తయ్యా,” అని కంచం కాస్త ముందుకు జరిపాను.

వేసింది. గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. మేమిద్దరం అన్నం కలుపుకుని, చారు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఆవిడ చాలాసేపటి దాకా బయటికి రాలేదు.